జనం "వద్దు" అన్నారు, ప్రధాని "సరే" అని సంతకం పెట్టొచ్చాడు: గ్రీస్ 2015 రెఫరెండం

[స్క్రీన్ మీద: బ్యాలెట్ పేపర్ క్లోజప్]

ముందు ఈ కాగితం చూడండి. 2015 జులై 5 ఆదివారం, గ్రీస్‌లో దాదాపు కోటి మంది ఓటర్ల కోసం అచ్చేసిన బ్యాలెట్ ఇది. గుర్తుల్లేవు, క్యాండిడేట్ల పేర్లు లేవు, ఒక్కటే ప్రశ్న. అదెలా ఉందంటే, గ్రీస్‌కి అప్పిచ్చినోళ్ళ తరఫున యూరోపియన్ కమిషన్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్, ఐఎంఎఫ్ ముగ్గురూ కలిసి జూన్ 25న యూరోగ్రూప్ (యూరో వాడే దేశాల ఆర్థిక మంత్రుల గుంపు) మీటింగ్‌లో పెట్టిన, రెండు డాక్యుమెంట్లున్న ఒప్పందం ప్లాన్‌ని ఒప్పుకోవాలా వద్దా అని. అందులో ఒక డాక్యుమెంట్ అయితే ఆ దేశం అప్పు మోయగలదా లేదా అనే లెక్కల రిపోర్టు. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చిన మనిషిని ఆపి ఇదడిగితే ఏం చెప్తాడు చెప్పండి. పైగా ఆ ఆఫర్ గడువు జూన్ 30కే అయిపోయింది, అంటే ఓటింగ్ రోజుకి ఆ ప్లానే లేదు. పెళ్ళికొడుక్కి వేరే చోట పెళ్ళైపోయాక ఈ సంబంధం ఖాయం చేద్దామా అని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అడిగినట్టు ఉంది.

కింద రెండు గళ్ళు. పైన "ఓహి", అంటే వద్దు. దాని కింద "నే", అంటే అవును. నిజమే, గ్రీకులో "నే" అంటే అవును అనే, నేను మొదట్లో దాన్ని ఇంగ్లిష్ "నో" అనుకుని ఒక న్యూస్ క్లిప్ మొత్తం ఉల్టాగా అర్థం చేసుకున్నా.

ఆ కాగితం మీద 61.31% మంది వద్దు అన్నారు. ఎనిమిది రోజులు తిరక్కముందే వాళ్ళ ప్రధాని, జనం వద్దన్న దానికంటే గట్టి షరతులకి ఒప్పుకుని బ్రస్సెల్స్ నుంచి ఇంటికొచ్చాడు. అసలేం జరిగింది, బయటోళ్ళు ఓటర్ల మీద ఎంత ఒత్తిడి పెట్టారు, ఆ ఒత్తిడి పనిచేసిందా లేదా, అదే ఈరోజు మాట్లాడుకుందాం.

[స్క్రీన్ మీద: గ్రీస్ మ్యాప్, అప్పుల గ్రాఫ్]

బ్యాక్‌గ్రౌండ్ తొందరగా చెప్పేస్తా. గ్రీస్ అప్పుల్లో మునిగింది, 2010లో 110 బిలియన్ యూరోల ప్యాకేజీ, 2012లో ఇంకో 130 బిలియన్లు. వినడానికి జనానికి పంచినట్టు ఉంటుంది కానీ ఎక్కువ భాగం పాత అప్పులు తీర్చడానికీ, బ్యాంకుల్ని నిలబెట్టడానికీ పోయింది. బదులుగా పెన్షన్లు కోయండి, జీతాలు కోయండి, టాక్సులు పెంచండి అని షరతులు. 2015 వచ్చేసరికి ఆర్థిక వ్యవస్థ పాతిక శాతం దాకా కుంచించుకుపోయింది, నలుగురిలో ఒకరికి పని లేదు, కుర్రాళ్ళలో అయితే ఇద్దరిలో ఒకరికి.

రెఫరెండం ఆలోచన కూడా 2015లో కొత్తగా పుట్టింది కాదు. 2011 అక్టోబర్ చివర్లో అప్పటి ప్రధాని పాపండ్రేయు రెఫరెండం పెడతా అన్నాడు. రెండ్రోజుల్లో ఫ్రాన్స్‌లోని కాన్ కి పిలిపించారు, అక్కడ జీ-20 మీటింగ్ జరగబోతోంది, జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్, ఫ్రాన్స్ ప్రెసిడెంట్ సర్కోజీ కూర్చోబెట్టి గట్టిగానే క్లాస్ పీకారు. ఇంటికెళ్ళి రెఫరెండం కాన్సిల్, నవంబర్‌లోనే పదవీ పోయింది. ఆయన ప్లేస్‌లో ఎవరొచ్చారో తెలుసా, లుకాస్ పాపడెమోస్, అంతకుముందు యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్‌కి వైస్ ప్రెసిడెంట్‌గా చేసినాయన. అప్పిచ్చినోళ్ళ మనిషే వచ్చి ఇంటి పెద్దగా కూర్చున్నాడని జనం ఆరోజే అనుకున్నారు, ఆ మంట అలాగే ఉండిపోయింది.

ఆ మంట మీదే 2015 జనవరిలో అలెక్సిస్ సిప్రాస్ గెలిచాడు, సిరిజా పార్టీ, వయసు 40. ఈ షరతులన్నీ చించేస్తా అన్నాడు, యూరోలోనూ ఉంటాం అన్నాడు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదుర్తాయని అడిగినోళ్ళు లేకపోలేదు, కానీ విసిగిపోయిన జనానికి ఆ టైమ్‌లో లెక్క అడగాలనిపించదు. గెలిచిన ఆ నెలలోనే యూరోపియన్ కమిషన్ ప్రెసిడెంట్ యుంకర్ ఒక ఫ్రెంచ్ పేపర్‌తో ఏమన్నాడంటే, యూరోపియన్ ఒప్పందాలకి వ్యతిరేకంగా ప్రజాస్వామ్య ఎంపిక అనేది ఉండదు అని. అంత ఓపెన్‌గా. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఐదు నెలలు మంతనాలు, ఏదీ తెగలేదు. జూన్ 27 తెల్లారకముందే, అర్ధరాత్రి దాటాక, సిప్రాస్ టీవీలోకొచ్చి రెఫరెండం అన్నాడు. ఎనిమిది రోజుల టైమ్. ఎనిమిది రోజుల్లో మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ రిపేర్ గురించే తేలదు.

[స్క్రీన్ మీద: ఏటీఎం ముందు లైను, రాత్రి]

ఇక్కడ కొంచెం ఆగుదాం, అసలు కథ ఇదే. బయటోళ్ళు ఓటర్ని ప్రభావితం చేశారు అంటే మనకి వెంటనే ఫేక్ న్యూస్, వాట్సాప్ ఫార్వర్డులు, హ్యాకర్లు గుర్తొస్తారు. గ్రీస్‌లో అవేమీ అవసరం పడలేదు, బ్యాంకు షట్టర్ చాలింది.

ఎలాగంటే, జనం భయపడి నెలల తరబడి డిపాజిట్లు తీసేస్తున్నారు, బ్యాంకుల దగ్గర క్యాష్ లేదు, సెంట్రల్ బ్యాంక్ ఇచ్చే ఎమర్జెన్సీ అప్పు మీదే రోజులు నెట్టుకొస్తున్నాయి. రెఫరెండం అనౌన్స్ చేసిన మర్నాడే, జూన్ 28న, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూర్చున్న యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ ఆ అప్పు పరిమితి ఇంక పెంచం అంది. నరం కోయలేదు, సెలైన్ పెంచనంది, అంతే. సోమవారం నుంచి బ్యాంకులు బంద్. ఏటీఎంలో కార్డుకి రోజుకి 60 యూరోలు. దానిలో కూడా 20 నోట్లు అయిపోయి చాలా మిషన్లలో 50 నోటు ఒక్కటే వచ్చేది, అంటే పేరుకి 60, చేతికి 50. ఏథెన్స్‌లో బస్సులు, మెట్రో ఫ్రీ చేశారు, టికెట్‌కి కూడా చిల్లర లేక జనం ఇబ్బంది పడతారని.

ముసలివాళ్ళకి చాలామందికి ఏటీఎం కార్డే లేదు, పాస్‌బుక్ మనుషులు. వాళ్ళ కోసం జులై 1 నుంచి కొన్ని బ్రాంచీలు తెరిచి మనిషికి 120 యూరోలు అన్నారు. జులై 3న థెస్సలోనికిలో తీసిన ఒక ఫోటో ప్రపంచమంతా తిరిగింది, మీరూ చూసుంటారు. తెల్ల జుట్టు పెద్దాయన, బ్యాంకు గుమ్మం ముందు నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు, పక్కన పాస్‌బుక్, ఐడీ కార్డు పడున్నాయి. భార్య పెన్షన్ డబ్బు 120 యూరోల కోసం మూడు బ్యాంకులు తిరిగి నాలుగోదానికొచ్చాడు, అక్కడా లేదన్నారు. ఓటింగ్‌కి ఇంకా రెండ్రోజులుంది.

మనకిది చెప్పక్కర్లేదు, 2016 నవంబర్‌లో మనం చూసిందే. మా నాన్న నోట్ల రద్దప్పుడు బ్యాంకు ముందు చెప్పులు లైన్లో పెట్టి టీ తాగి వచ్చేవాడు, నాలుగో రోజు చెప్పులు పోయాయి, డబ్బులు మాత్రం రాలేదు. కానీ అప్పుడు మనల్ని ఎవరూ ఓటు అడగలేదు. వీళ్ళని ఆ లైన్లోంచే పోలింగ్ బూత్‌కి పంపారు.

సెంట్రల్ బ్యాంక్ వైపు వాదన కూడా చెప్పాలి, అన్యాయం చేయకూడదు. ప్యాకేజీ గడువు రెండ్రోజుల్లో అయిపోతున్న దేశం, ఐఎంఎఫ్‌కి జూన్ 30న కట్టాల్సిన 1.5 బిలియన్ల చిల్లర కట్టలేకపోయింది కూడా, అలాంటి దేశం బ్యాంకులకి ఏ గ్యారంటీ మీద అప్పివ్వాలి, మా రూల్స్ ఒప్పుకోవు అని. నిజమే, రూల్ అది. కాకపోతే ఆ రూల్ ఆ వారం అమలు చేస్తే ఎటువైపు ఓట్లు పడతాయో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరికీ తెలీదంటే నేను నమ్మను.

[స్క్రీన్ మీద: యుంకర్, షుల్జ్ ఫోటోలు]

మాటల దాడి వేరే. యుంకర్ జూన్ 29న, చావుకి భయపడి ఆత్మహత్య చేసుకోకండి అన్నాడు గ్రీకులతో. యూరోపియన్ పార్లమెంట్ ప్రెసిడెంట్ మార్టిన్ షుల్జ్ సరిగ్గా ఓటింగ్ రోజే జర్మన్ రేడియోలో, నో అంటే వేరే కరెన్సీ తెచ్చుకోవాల్సిందే అన్నాడు. మన దగ్గరైతే పోలింగ్‌కి 48 గంటల ముందే మైకులు కట్టేయిస్తారు. గ్రీస్ ప్రైవేట్ టీవీ ఛానెళ్ళు కూడా చాలావరకు "నే" వైపే. ఇంకోవైపు సిప్రాస్‌కీ బయటి నుంచి ఒక సాయం అందింది, ఐఎంఎఫ్ జులై 2న ఒక రిపోర్ట్ బయటపెట్టింది, గ్రీస్ అప్పు ఇలా అయితే తీరేది కాదు, ఊరట ఇవ్వాల్సిందే అని. ఆయన టీవీలో దాన్నే చూపించి, మేం చెప్తున్నది ఇదే కదా అన్నాడు.

పైగా "ఓహి" అనే మాటకి అక్కడో చరిత్ర ఉంది. 1940 అక్టోబర్ 28న ఇటలీ నియంత ముస్సోలినీ తన సైన్యానికి దారివ్వమని అల్టిమేటం ఇస్తే అప్పటి గ్రీస్ పాలకుడు మెటాక్సాస్ కుదరదన్నాడు, ఆరోజుని "ఓహి డే" అంటారు, నేషనల్ హాలిడే. అలాంటి మాటని బ్యాలెట్ మీద మొదటి గడిలో పెట్టారు. ఇదీ ఓటర్ని ప్రభావితం చేయడమే, కాకపోతే లోపలోళ్ళు చేసింది.

రిజల్ట్ రోజు సాయంత్రానికే తేలిపోయింది. దేశంలో ఒక్క నియోజకవర్గంలో కూడా "నే" గెలవలేదు. 35 లక్షల మందికి పైగా వద్దన్నారు. భయపెట్టిన కొద్దీ జనం మొండికేశారు. ప్రతిపక్ష నేత సమరాస్ ఆ రాత్రే రాజీనామా చేశాడు, ఏథెన్స్‌లో పార్లమెంటు ముందున్న సింటాగ్మా స్క్వేర్‌లో పాటలు, జెండాలు.

తెల్లారింది. ఆర్థిక మంత్రి వరుఫాకిస్ రాజీనామా. "నో" కోసం అందరికంటే గట్టిగా అరిచినాయన, గెలిచిన మర్నాడు పొద్దున్నే దిగిపోయాడు. ఆ ముందు రాత్రి ప్రధాని ఆఫీస్‌కి వెళ్తే అక్కడ గెలిచిన కళే లేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అది ఆయన వెర్షన్, మీరు ఎంత నమ్ముతారో మీ ఇష్టం. ఆయన గురించి నాకూ కొన్ని డౌట్లున్నాయి, అది వేరే వీడియో.

జులై 12న బ్రస్సెల్స్‌లో మొదలైన సమ్మిట్ 17 గంటలు నడిచింది, తెల్లారి 13న ముగిసింది. జర్మనీ ఆర్థిక మంత్రి షాయిబ్లె దగ్గర అప్పటికే ఒక ప్లాన్ ఉంది, గ్రీస్‌ని ఐదేళ్ళు యూరో నుంచి పక్కన కూర్చోబెడదాం అని. బ్యాంకులు ఇంకా మూసే ఉన్నాయి, ఇంకో వారం పోతే ఏటీఎంలో ఆ 50 కూడా రాదు. సిప్రాస్ దగ్గర 61% ఉంది, జేబులో క్యాష్ లేదు, సొంతంగా నోటు అచ్చేసుకునే అధికారం లేదు. సంతకం పెట్టాడు. 50 బిలియన్ల ఆస్తులు అమ్మకానికి ఒక ఫండ్‌లో పెట్టాలి, పెన్షన్లు, టాక్సులు మళ్ళీ. జులై 20న బ్యాంకులు తెరిచారు, అదే రోజు హోటల్ భోజనం మీద వ్యాట్ 13 నుంచి 23% అయ్యింది. క్యాష్ లిమిట్ కూడా మార్చారండోయ్, రోజుకి 60 బదులు వారానికి 420. లెక్క మీరే వేసుకోండి.

నాకు అర్థమైంది ఏంటంటే, బయటోళ్ళు ఓటర్ని మార్చలేకపోయారు, ఓటు వేశాక దానికి విలువ లేకుండా చేశారు. దానికి సిప్రాస్ కూడా తలుపు తీసి పెట్టాడు, ఎందుకంటే జనాన్ని అడిగిన ప్రశ్న ఒకటి, వాళ్ళు భయపడ్డ ప్రశ్న ఇంకోటి. యూరోలోంచి బయటికి పోదామా అని ఆయన అడగలేదు, జనంలో ఎక్కువమంది యూరో కావాలనే అన్నారు. మరి నో అంటే ఏం చేస్తాం అనే దానికి ఆయన దగ్గర ప్లాన్ బీ లేదు. ఐస్‌లాండ్‌ని చూడండి, విదేశీ డిపాజిటర్ల డబ్బు కట్టే విషయంలో 2010లో, 2011లో రెండుసార్లు జనం నో అన్నారు, ఆ నో నిలబడింది, 2013లో కోర్టు కూడా ఐస్‌లాండ్ వైపే చెప్పింది. వాళ్ళ కరెన్సీ క్రోనా వాళ్ళ చేతిలో ఉంది మరి.

[స్క్రీన్ మీద: సెప్టెంబర్ 2015 పోలింగ్ బూత్, ఖాళీగా]

ఆ సెప్టెంబర్ 20న మళ్ళీ ఎలక్షన్లు. జనం సిప్రాస్‌ని తన్ని తరిమేశారనుకుంటున్నారా, కాదు, 35.46%తో మళ్ళీ ఆయనే. ఓహి అంటే ఓహినే అని పార్టీ చీల్చుకుని బయటికెళ్ళిన 25 మంది ఎంపీలు కొత్త పార్టీ పెడితే 3% కూడా రాక ఒక్క సీటూ దక్కలేదు. కోపం ఉంటే జనం ఎవరో ఒకరికి గుద్దుతారు, ఇక్కడ అసలు రాలేదు. పోలింగ్ 56.6%, అప్పటికి అక్కడ అంత తక్కువ ఎప్పుడూ లేదు, రెఫరెండంకి 62.5% వచ్చారు, అది కూడా చేతిలో 50 యూరోల నోటుతో. వాళ్ళలో ఎంతోమంది రెండు నెలల తర్వాత ఇంట్లోనే ఉండిపోయారు.

డబ్బు కదలికల మీద పెట్టిన ఆంక్షలు పూర్తిగా ఎత్తేసింది 2019 సెప్టెంబర్ 1న. అప్పటికి సిప్రాస్ ఆ ఏడాది జులైలోనే ఓడిపోయి దిగిపోయాడు. 2023 జూన్‌లో సిరిజాకి 17.8% వస్తే పార్టీ లీడర్‌గానూ తప్పుకున్నాడు.

గ్రీస్‌లో ఇప్పటికీ ప్రతి అక్టోబర్ 28న స్కూలు పిల్లలు జెండాలు పట్టుకుని పరేడ్ చేస్తారు, 1940 నాటి ఓహి కోసం. జులై 5న బ్యాంకులు మామూలుగానే తెరిచి ఉంటాయి.