మెయిలింగ్ లిస్టా, వికీనా? ఏ మాట ఎక్కడ రాయాలో స్క్రీన్ మీద చూద్దాం

ఆ, స్క్రీన్ కనిపిస్తోంది కదా. సరే. మొన్న ఓ తమ్ముడు అడిగాడు, అన్నా మేం నలుగురం కలిసి ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ మొదలుపెట్టాం, మెయిలింగ్ లిస్ట్ పెట్టుకోవాలా వికీ పెట్టుకోవాలా అని. లిస్టంటే ఒక్క అడ్రస్‌కి మెయిల్ కొడితే చేరినవాళ్లందరికీ వెళ్లేది, వికీ అంటే అందరూ కలిసి దిద్దుకునే పేజీలు. నేనైతే ముందు లిస్టే అంటా. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రాజెక్ట్ వాళ్లకి రెండూ ఉన్నాయి, అక్కడే చూపిస్తా.

ఇదిగో, ఈ ట్యాబ్ పీజీఎస్‌క్యూఎల్ హ్యాకర్స్ లిస్ట్, అంటే దాని కోడ్ రాసేవాళ్ల లిస్ట్. వాదులాట అంతా ఇక్కడే. ఇటుపక్క వికీ, ఇందులో డోంట్ డూ దిస్ అని ఓ పేజీ... ఆ ఇదే, తేదీ, టైమ్ దాచడానికి ఉత్త టైమ్‌స్టాంప్ వద్దు, టైమ్‌జోన్ ఉన్నది వాడండి అని, ఎందుకో కూడా రాశారు. తేలిపోయిన సంగతి కాబట్టి వికీలో బాగుంది. అదే చేయాల్సిన పనులు రాసుకునే టూడూ పేజీకెళ్తే పైనే హెచ్చరిక, వీటిలో కొన్ని ఇప్పుడు అక్కర్లేకపోవచ్చు అని. అంతే మరి, ఎవరూ దిద్దకపోతే వికీ పాత పంచాంగమే.

ఇక లిస్ట్‌లో చేరదాం. సబ్‌స్క్రైబ్, కన్ఫర్మ్ మెయిల్, క్లిక్, అయిపోయింది. ఇప్పుడు జీమెయిల్ కంపోజ్‌లో ఈ మూడు చుక్కలు, ప్లెయిన్ టెక్స్ట్ మోడ్, ఓకే.

ఇప్పుడు ఇక్కడ ఆగండి, నేను బోల్తాపడింది ఇక్కడే. కొత్త విషయం రాయాలి, అడ్రస్ టైప్ చేయడానికి బద్ధకమేసి ఏదో పాత మెయిల్‌కి రిప్లై కొట్టి సబ్జెక్ట్ మార్చేశా. జీమెయిల్‌లో విడిగానే కనిపించింది, హమ్మయ్య అనుకున్నా. వారమైనా ఒక్కడూ పలకలేదు! లిస్ట్ మెయిళ్లన్నీ దాచి ఉంచే ఆర్కైవ్ తెరిచి చూస్తే నా మెయిల్ ఎవరిదో పాత థ్రెడ్, అంటే మెయిళ్ల వరస, అడుగున వేలాడుతోంది. ఎందుకంటే, ఇదిగో మళ్లీ మూడు చుక్కలు, షో ఒరిజినల్... కిందికి... ఇన్-రిప్లై-టూ, ఇది ఏ మెయిల్‌కి జవాబో చెప్పే లైన్, కనబడిందా? సబ్జెక్ట్ మార్చినా ఈ లైన్ అలాగే ఉంటుంది, ఆర్కైవ్ చూసేది దీన్నే. కాబట్టి కొత్త విషయమైతే కంపోజే. రిప్లై కాదు, కంపోజ్. అడ్రస్‌ని కాంటాక్ట్స్‌లో పెట్టేసుకోండి, రెండక్షరాలు కొడితే వచ్చేస్తుంది, నేనదే చేస్తా.

ఇదే స్క్రీన్‌లో పైన మెసేజ్ ఐడీ, ఏ మెయిల్‌కి ఆ మెయిల్‌కి వేరుగా ఉండే గుర్తు, ఉంది చూశారా, కాపీ చేయండి. పోస్ట్‌గ్రెస్ సైట్ అడ్రస్ తర్వాత స్లాష్ మెసేజ్-ఐడీ స్లాష్, పేస్ట్, ఎంటర్... సరిగ్గా ఆ మెయిలే తెరుచుకుంది. కోడ్ మార్చినప్పుడు వాళ్లు రాసే కమిట్ మెసేజ్‌ల అడుగున డిస్కషన్ అని లింక్ ఉంటుందే, అది ఇలాంటిదే. ఏళ్ల తర్వాత ఈ లైన్ ఎందుకిలా ఉందిరా బాబూ అని తల గోక్కునేవాడికి జవాబు దొరుకుతుంది.

వికీలోనే మాట్లాడుకోకూడదా అంటే, మాట్లాడుకోవచ్చు, తెలుగు వికీపీడియాలో రచ్చబండ అదే కదా, నాలుగు టిల్డేలు (~~~~) కొడితే సంతకం పడిపోతుంది. కానీ అక్కడ పనే వికీ రాయడం, జనం ఎలాగూ అక్కడే ఉంటారు. మీ కోడ్ రాసేవాళ్లు రోజూ వికీ తెరుస్తారా? మెయిలైతే చూస్తారు.

సరే, లిస్ట్‌లో విషయం తేలింది అనుకోండి. నా టెస్ట్ వికీలో ఎడిట్, ఒక్క లైన్‌లో ఏం తేలిందో, పక్కన ఇందాకటి లింక్, సేవ్. హిస్టరీ నొక్కితే... ఆ, నా పేరు పడింది.