తుఫాను ఫొటో కింద రాసే వాక్యం

శ్రోతలకు నమస్కారం.

అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని తెలియగానే ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు మొదలవుతాయి. తాటిచెట్టంత అల, తిరగబడిన లారీ, నీళ్లలో బస్టాండు. కింద ఒక్క ముక్క: ‘మన గోపాల్‌పూర్, ఇప్పుడే.’ ఫొటో దొంగది కాకపోవచ్చు. ఎక్కడో ఎప్పుడో ఆ అల నిజంగానే లేచి ఉంటుంది. దొంగతనమంతా కింద రాసిన ముక్కలో ఉంది. బొమ్మ ఇట్టే నమ్మిస్తుంది గాని, తాను ఏ ఊరిదో ఏనాటిదో చెప్పుకోలేదు. అది చెప్పాల్సింది అక్షరమే. కాబట్టి గ్రూపులో నాలుగు ముక్కలు రాసి పెట్టే వాళ్లంతా, అంటే టీచరమ్మలు, వార్డు మెంబర్లు, మత్స్యకారుల సంఘం సెక్రటరీలు, ఇవాళ ఆ పని తలకెత్తుకున్నవాళ్లే.

వచ్చిన ఫొటోను ముందుగా పరీక్షించాలి. దుకాణాల బోర్డులు చూడండి, ఒడియా అక్షరాలు ఉన్నాయా? బండి నంబరు చూడండి. గంజాం బండి అయితే ఓడీ 07, గజపతి జిల్లాదైతే ఓడీ 20. 2012కు ముందు ఒడిశా బళ్లకు ఓఆర్ అని ఉండేది. ఆ తర్వాత ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి, అదే బొమ్మ ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో, అన్నిటికంటే పాత తేదీ ఏదో చూడాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో, తీసిన తేదీ, చోటు వంటి లోపలి వివరాలు చెరిగిపోతాయి. కనుక వాటికోసం వెతికి లాభం లేదు. పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది ఇప్పటికే ఎన్నో చేతులు మారిందని అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిచ్చే కట్టడి 2020 ఏప్రిల్ నుంచి ఉంది. ఈమధ్య ఏఐ యంత్రం గీసిన ఫొటోలూ కలిశాయి. వాటిలోని బోర్డుల మీద అక్షరాలు కొన్నిసార్లు ఏ భాషవీ కావు.

దొంగ ఫొటో కంటే ఎక్కువ చిక్కు పెట్టేది అసలైన బొమ్మే, వాతావరణ శాఖ ఇచ్చే తుఫాను మ్యాపు. రేడియోలో చూపించలేం కనుక మాటల్లో చెబుతాను. సముద్రంలో ఒక చుక్క, అక్కడి నుంచి తీరం వైపు ఒక గీత, ఆ గీత చుట్టూ పోనుపోను వెడల్పయ్యే గరాటు. చూసినవాళ్లలో చాలామంది ఆ గరాటే తుఫాను అనుకుంటారు. మన ఊరు దాని బయట ఉంది, భయం లేదని పడుకుంటారు. నిజానికి ఆ గరాటు చెప్పేది తుఫాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో, అంతే. రోజులు ముందుకు పోయేకొద్దీ అంచనా తప్పే అవకాశం పెరుగుతుంది కనుక అది వెడల్పవుతుంది. గాలి, వాన దాని బయట కూడా పడతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర. ప్రాణాలు పోయిన చోట్లలో ఒకటి సముద్రానికి దూరంగా, కొండల్లో ఉన్న గజపతి జిల్లా బరఘర. అక్కడ కొండచరియలు విరిగిపడ్డాయి. కనుక మ్యాపు పంపేటప్పుడు దాని కింద ఇలా రాయాలి: ‘ఈ గరాటు తుఫాను కేంద్రం దారి మాత్రమే. గాలివానలు దీని బయట కూడా ఉంటాయి.’ ఉపగ్రహ చిత్రం మీద యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, అని ఉంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. 0900 యూటీసీ అంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. ఇది తెలియక పొద్దుటి బొమ్మ అనుకునేవాళ్లు ఉన్నారు.

ఇక రాసే పద్ధతి. ‘రేపు స్కూళ్లకు సెలవు’ అని రాస్తే అది ఎల్లుండి కూడా తిరుగుతుంది, వచ్చే ఏడాదీ తిరుగుతుంది. తేదీ, నెల పేరు, సంవత్సరం, గంట వేయండి. ఎవరు చెప్పారో వేయండి. ఆ తర్వాత చేయవలసిన పని, నోటితో చెప్పినట్టు: ‘సాయంత్రం 6 లోపు హైస్కూలు బిల్డింగులోకి వెళ్లండి.’ ‘సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్లవలసిందిగా కోరడమైనది’ అని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు, అదీ గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడిన పర్లాకిమిడి పక్కనే!

అసలు ఇంత చిన్న మాటకు బొమ్మ ఎందుకు? ఒక కారణం, డీటీపీ షాపులో పాత ఫాంటుతో కొట్టిన మేటర్ ఫోన్లో అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా మారిపోతుంది, అందుకని బొమ్మ చేసి పంపేస్తారు. కీబోర్డులో తెలుగు కొడితే ఆ బాధ లేదు. లాభం కూడా పెద్దదే. తెలుగులో ఒక్కో గుర్తుకు, అంటే హల్లుకో గుణింతానికో పొల్లుకో, మూడు బైట్లు. రెండు వందల గుర్తుల కబురు దాదాపు ఆరు వందల బైట్లు. అదే కబురు ఫొటోగా చేస్తే నూరు, నూటయాభై కిలోబైట్లు. సిగ్నల్ ఒక్క గీత మీద ఉన్నప్పుడు అక్షరాలు చేరతాయి, ఫొటో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఫొటోలోని అక్షరాలను, చూపు లేనివారికి చదివి వినిపించే ఫోన్ సదుపాయం చాలాసార్లు చదవలేకపోతుంది. మామూలు ఎస్సెమ్మెస్ అయితే తెలుగులో ఒక్కదానికి 70 గుర్తులే. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరమే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తులు తింటుంది, చూసుకుని రాయాలి.

బొమ్మ తప్పదనుకుంటే 1080 పిక్సెళ్ల చదరం తీసుకోండి. ఏడు సెంటీమీటర్ల ఫోన్ తెర మీద 50 పిక్సెళ్ల అక్షరం మూడు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అంతకంటే చిన్నది పెద్దవాళ్లకు ఆనదు. మన ఒత్తులు కిందికి వేలాడతాయి కనుక వరుసకూ వరుసకూ మధ్య అక్షరం ఎత్తులో సగమైనా ఖాళీ ఉంచాలి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టును గుద్దుతుంది. నిలువు పోస్టరు గ్రూపులో పైనా కిందా తెగి కనబడుతుంది. తేదీని మధ్యలో పెట్టండి.

తప్పు కబురు వెళ్లిపోయిందనుకోండి. వాట్సాప్‌లో అందరి దగ్గరా చెరిపేందుకు రెండు రోజుల పైచిలుకు గడువుంది. కానీ ఈలోపు ఎవరైనా ముందుకు పంపిన కాపీలు చెరగవు. సవరణ పంపేటప్పుడు పాత ఫొటోను ఉత్తగా మళ్లీ పెట్టవద్దు, కింద ఎంత రాసినా ఫొటో ఒక్కటే విడిపోయి తిరుగుతుంది. దాని మీదే ఈ మూల నుంచి ఆ మూలకు లావుగా ‘తప్పు’ అని తెలుగులోనూ ఒడియాలోనూ కొట్టి, అప్పుడు పంపండి. మూలన చిన్నగా వేస్తే కత్తిరించి మళ్లీ వదులుతారు.

నమస్కారం.