నాయనమ్మది ఒక అడ్రసు, తాతది ఒక అడ్రసు

హాయ్ అండీ, ఇవాళ్టి వీడియో మెల్‌బోర్న్ నుంచి కాదు, నెల్లూరు మూలాపేట నుంచి. వెనకాల గంటలు వినపడుతున్నాయి కదా, అది మూలస్థానేశ్వర స్వామి గుడి. పది దాటిందంటే బండ్ల హోరుకి నా గొంతు మీకు వినపడదు, అందుకే పొద్దున్నే వచ్చేశాను.

అసలు సంగతి ఏంటంటే, సెలవులకి ముందు మా పాపకి బడిలో ఒక పని ఇచ్చారు. మీ కుటుంబం ఇప్పుడున్న ఊరికి ఎందుకు వచ్చింది, అంతకుముందు ఎక్కడ ఉండేది, మూడు తరాలది రాసుకురమ్మన్నారు. నాది తేలిక, ఉద్యోగం. నాన్నకి ఊహ తెలిసేసరికే నెల్లూరు. తాత దగ్గర మాత్రం ఇంట్లో అందరూ చెప్పే ఒక్క మాటే నేనూ చెప్పాను: ఉలవపాడు దగ్గర పల్లె నుంచి వ్యాపారం కోసం నెల్లూరు వచ్చాడు, స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం మండీ పెట్టాడు. ఏ సంవత్సరంలో అని పాప అడిగితే నాన్నని అడిగాను, నాన్న నాకేం తెలుసు, నేను చంకలో పిల్లాణ్ణి అన్నారు.

ఇక్కడికి వచ్చిన రెండో రోజు అటక మీద నుంచి ఈ రేకు పెట్టె దించాం. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఓ కట్ట పోస్టుకార్డులు, మూడు శుభలేఖలు, పెద్దత్త స్కూలు టీసీ, ఒక ఇంటి దస్తావేజు. కార్డుల మీద పోస్టాఫీసు ముద్రలు చాలావరకు అలుక్కుపోయాయి, తేదీ వేసే అలవాటు మా తాతకి లేదు. మొదట నాకు ఏడుపొచ్చినంత పని అయింది. కానీ తేదీ లేకపోయినా అడ్రసు ఉంది కదా, ఆ అడ్రసే చాలా చెప్తుందండీ, మీ ఇళ్లలో పాత ఉత్తరాలు ఉంటే ఇది తప్పకుండా చూడండి.

పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. కాబట్టి కార్డు మీద ఆరంకెలు ఉంటే అది ఆ తర్వాతదే. మండలం అని ఉంటే 1985 తర్వాతది, అంతకుముందు మనకి తాలూకాలే. ఇక మా వైపు వాళ్లకి ఇంకో గుర్తు ఉంది. ఉలవపాడు, కందుకూరు వైపంతా మొదట నెల్లూరు జిల్లానే. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు, 2022లో కందుకూరు, ఉలవపాడు మళ్లీ నెల్లూరులో కలిపారు. అంటే మనిషి ఇల్లు కదలకుండానే జిల్లా మారిపోయింది! కాబట్టి 'వయా ఉలవపాడు, కందుకూరు తాలూకా, నెల్లూరు జిల్లా' అని ఉన్న కార్డులన్నీ 1970కి ముందువని పక్కన పెట్టాను. అందులో మళ్లీ అణాల కార్డులు వేరు, నయాపైసలవి వేరు, ఎందుకంటే నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. శుభలేఖల్లో ఒకదాని మీద దుర్ముఖి నామ సంవత్సరం అని ఉంది, తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి 2016 ఉగాదికి వచ్చిన దుర్ముఖి నుంచి అరవై వెనక్కి లెక్కేస్తే 1956. మా నాయనమ్మ చెల్లెలి పెళ్లి అది. పైన చిరునామాలో మా నాయనమ్మ పేరు ఉంది, కింద మూలాపేట, నెల్లూరు. తాత పేరు లేదు. అప్పుడే నాకు అనుమానం మొదలైంది, పెళ్లి పిలుపు ఇంటాయన పేరు లేకుండా వస్తుందా?

ఆ అనుమానంతో దస్తావేజు తీశాను. పాత దస్తావేజులు చదవడం కష్టమే, ఆ గొలుసుకట్టు రాత నాన్న ఒక పూటంతా కూర్చుని చదివి పెట్టారు. 1958లో స్టోన్‌హౌస్‌పేటలో ఇల్లు కొన్న కాగితం ఇది. చెక్కుబంది ఉంది, తూర్పున ఎవరి ఇల్లు, పడమట ఏ వీధి, అదంతా సరే. కొన్నది మా నాయనమ్మ పేరు మీద. 'ప్రస్తుతం నెల్లూరు మూలాపేటలో బాడుగకు కాపురం ఉంటున్న' అని ఆమె అడ్రసు. చివర సాక్షి సంతకాల్లో మా తాత ఉన్నాడు, ఆయన పేరు పక్కన వృత్తి వ్యవసాయం, కాపురం కందుకూరు తాలూకాలో మా పల్లె.

ఒకే కాగితం మీద భార్యకి ఒక ఊరు, భర్తకి ఒక ఊరు. 1958లో మా తాత ఇంకా పల్లెలోనే ఉన్నాడండీ, ఇంకా రైతే. మండీ లేదు, వ్యాపారం లేదు. నెల్లూరు వచ్చింది మా నాయనమ్మ. ఇన్నేళ్లు మేమంతా తాత వచ్చాడు, తాత వచ్చాడు అని చెప్పుకుంటూనే ఉన్నాం, ఆమె పేరు ఎవరూ తలవలేదు, నాకు నిజంగా బాధేసింది.

మరి ఎందుకొచ్చింది? దానికి టీసీ ఉంది. మా పెద్దత్త 1954 జూన్‌లో కస్తూరిదేవి విద్యాలయంలో ఫస్టు ఫారంలో చేరింది, అంటే ఇప్పటి ఆరో తరగతి. పొణకా కనకమ్మ గారు 1923లో ఆడపిల్లల కోసం పెట్టిన బడి అది, 1929లో గాంధీ గారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. 1954లో అత్త, 1956కి నాయనమ్మ, 1958కి ఇల్లు, ఆ తర్వాత ఎప్పుడో తాత. వరస కుదిరింది కానీ మధ్యలో ఏం జరిగిందో కాగితాల్లో లేదు. అయితే అది తెలిసిన మనిషి, మా పెద్దత్తే, వేదాయపాళెంలో ఉంది, ఎనభై దాటినా ఇంకా తన కాఫీ తనే పెట్టుకుంటుంది, ఆమెని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

నిన్న సాయంత్రం వెళ్లాను. వీడియో తీయొద్దంది, అందుకే ఆమె మాటలు నేనే చెప్తున్నా. టీసీ చేతిలో పెడితే కళ్లజోడు తెచ్చుకుని చాలాసేపు చూసి, "ఐదుతో మానిపిస్తానన్నాడు మే మీ తాత, మా పల్లెలో అంతవరకే ఉండె బడి. మా అమ్మ మూడు రోజులు అన్నం తినలా" అంది. మూలాపేటలో నాయనమ్మ వాళ్లక్క ఇల్లు ఉండేదట, అత్తని అక్కడ పెట్టారు. ఆ ఏడాదే అత్తకి విషజ్వరం వచ్చింది. కబురు అందగానే నాయనమ్మ మా నాన్నని చంకనేసుకుని ఉలవపాడు స్టేషనులో పాసింజరు ఎక్కేసింది. జ్వరం నెలరోజులకి తగ్గింది, పిల్లని తీసుకొని వచ్చేయమని తాత కార్డు రాశాడు. "పిల్లని వదిలి నేను రాను, పిల్ల బడి వదిలి రాదు అని రాయించింది అమ్మ. ఆమెకి రాయడం రాదు గదా, నా చేతే రాయించింది" అంది అత్త. పన్నెండేళ్ల పిల్ల చేత వాళ్ల నాన్నకి ఆ మాట రాయించింది చూడండి.

ఇల్లు కొన్న డబ్బు నాయనమ్మ నగలదట. తాత రాసిన కార్డులు ఇప్పుడు మళ్లీ చదువుకుంటే ప్రతి దాంట్లో తోట మాటే, ఈ ఏడు పూత బాగుంది, గాలికి పిందె రాలింది, కాయలు రైల్లో వేశాను స్టేషనుకి మనిషిని పంపు, చివర్లో ఎప్పుడూ ఒకటే వాక్యం, ఎప్పుడు వస్తావు అని. నయాపైసల కార్డుల్లో ఒక దాంట్లో మాత్రం ఆ వాక్యం లేదు. తోట కౌలుకిచ్చాను, సంక్రాంతి వెళ్లాక వస్తున్నాను, మంచం ఒకటి చూసి పెట్టు అని ఉంది. నేను అది నాలుగైదుసార్లు చదివాను.

ఇప్పుడు నేను నిలబడ్డ ఈ ఇల్లే ఆ బాడుగ ఇల్లు. కొత్త డోరు నంబరు వేరే ఉంది కానీ గడప పైన సున్నం కింద పాత నంబరు కనపడుతోంది చూడండి, కార్డు మీద ఉన్నదే. ఇంట్లోవాళ్లు మంచివాళ్లు, లోపలికి రమ్మంటున్నారు, వాళ్ల ఇల్లు కాబట్టి లోపల మాత్రం తీయను.

పాపకి రాత్రి ఫోన్లో ఇదంతా చెప్తే మొదటి పేజీ చింపేసి మళ్లీ రాస్తానంది, పెద్దత్త అక్షరాలున్న కార్డు ఫోటో కావాలంది. ఆ కార్డు తాత దగ్గరికి వెళ్లింది, పల్లె ఇంట్లో ఏమైనా మిగిలి ఉండాలి. అందుకని రేపు ఉలవపాడు వెళ్తున్నాం. చలికాలం కదా, మామిడి పూత మొదలయ్యే వేళ. పెద్దత్త తనూ వస్తానంటోంది, రైల్లోనే అంటోంది, మోకాళ్ల నొప్పులతో ఎందుకని నాన్న కారు మాట్లాడారు, ఆమె వినడం లేదు.