గాలికి ఒరగని సైన్‌బోర్డు: స్తంభం, పునాది లెక్క

నమస్కారం. పెద్ద గాలివాన వెలిసాక రోడ్డు పక్కన పడిపోయిన సైన్‌బోర్డు దగ్గరికి వెళ్లి చూడండి. రేకు చిరగడం అరుదు. పైపు నేలమట్టం దగ్గర వంగిపోయి ఉంటుంది, లేదా కాంక్రీటు దిమ్మతో సహా మట్టిలోంచి పెకలి వచ్చి ఉంటుంది. ఈ వీడియోలో ఆ రెండు చోట్లే లెక్కగడదాం.

మన బోర్డు వెడల్పు 1.5 మీటర్లు, ఎత్తు 1.2 మీటర్లు. వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. కింది అంచు నేలకు 2.1 మీటర్ల పైన ఉంది కాబట్టి బోర్డు నడిమధ్య 2.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మోయడానికి రెండు పైపులు.

గాలి వేగం సెకనుకు 40 మీటర్లు అనుకుందాం. మీరు చేసేటప్పుడు మీ ప్రాంతపు ప్రమాణంలో ఇచ్చిన వేగమే తీసుకోండి. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో తెలుస్తుంది. ఇక్కడ 960. వర్గం అన్న మాట గుర్తుంచుకోండి: వేగం 20 శాతం పెరిగితే ఒత్తిడి 44 శాతం పెరుగుతుంది. చదును పలక కాబట్టి ఆకార గుణకం (ఆకారాన్ని బట్టి గాలి ఎంత గట్టిగా నెడుతుందో చెప్పే సంఖ్య) 1.5 వేశాను. 960 × 1.5 × 1.8, అంటే 2,592 న్యూటన్లు. 264 కిలోల బరువు బోర్డును అడ్డంగా నెడుతున్నట్టే. దీన్ని 2.7 మీటర్లతో గుణిస్తే నేలమట్టం దగ్గర 7 కిలోన్యూటన్ మీటర్ల మూమెంట్, అంటే పైపును వంచే బలం. పైపుకు 3.5. భద్రతా గుణకం 1.5 వేస్తే 5.25.

ఇప్పుడు పైపు. మూమెంట్‌ను సెక్షన్ మాడ్యులస్‌తో (పైపు కొలతలను బట్టి వంగడాన్ని ఎంత తట్టుకుంటుందో చెప్పే సంఖ్య) భాగిస్తే స్ట్రెస్, అంటే లోహం మీద పడే ఒత్తిడి వస్తుంది. 76.1 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మందం ఉన్న పైపుకు మాడ్యులస్ దాదాపు 12,800 ఘన మిల్లీమీటర్లు. స్ట్రెస్ 409 మెగాపాస్కల్స్! 355 గ్రేడు స్టీలు (355 మెగాపాస్కల్స్ దాటితే శాశ్వతంగా వంగిపోయేది) కూడా దీనికి ఆగదు. అదే మందంలో 88.9 వ్యాసం పైపు తీసుకుంటే స్ట్రెస్ 295కి దిగుతుంది. బోర్డు కింద పైపు మీద తగిలే గాలిని చాలామంది లెక్కలో మరిచిపోతారు. అదీ కలిపితే 314. స్టీలుకు వేసే భద్రతా గుణకం 1.1తో 355ని భాగిస్తే 323, కాబట్టి సరిపోయింది. 235 గ్రేడైతే విఫలం. అప్పుడు మందం 5 మిల్లీమీటర్లకు పెంచాలి, కానీ గోడ మందమైన పైపుకు గుద్దుకున్న వాహనంలోని మనిషికి ముప్పు పెరుగుతుంది. అందుకే నా ఓటు పలుచని 355కే.

పునాది దగ్గరే డబ్బు వృథా అయ్యేది. మట్టి ఎంత మూమెంట్‌ను అడ్డుకుంటుందో (నిరోధం) కిలోన్యూటన్ మీటర్లలో చెప్పే సూత్రం బ్రిటిష్ పద్ధతిలో ఉంది: మట్టి గుణకం × గుంత వ్యాసం × లోతు ఘనం ÷ 10, కొలతలు మీటర్లలో. గట్టి మట్టికి గుణకం 630, మామూలు మట్టికి 390, మెత్తటి మట్టికి 230. పునాది తిరిగే బిందువు లోతులో 0.7 వంతు కింద ఉంటుంది కాబట్టి మూమెంట్‌ను అక్కడి నుంచి లెక్కించాలి.

మామూలు మట్టిలో ఒక్కో పైపుకు 0.9 మీటర్ల వ్యాసం, 0.6 లోతు గుంత తీశారనుకోండి. నిరోధం 7.6, పైపు మీది గాలి, భద్రతా గుణకం కలిపి కావలసింది 6.6. నిలుస్తుంది, కానీ 0.38 ఘనమీటర్ల కాంక్రీటు మింగుతుంది. వ్యాసం సగం చేసి 0.45, లోతు 0.9 చేయండి. నిరోధం 12.8, కావలసింది 7, కాంక్రీటు 0.14 మాత్రమే. వెడల్పు కాదు, లోతు తవ్వండి. మెత్తటి మట్టిలో ఇదే గుంత 7.5 దగ్గర ఆగిపోతుంది, అంచు మీద ఉన్నట్టే. అక్కడ లోతు 1 మీటరు చేయండి.

ఈ లెక్క తవ్వి కదిలించని మట్టికి మాత్రమే. ఆగర్‌తో (మట్టిని తొలిచే మరతో) తవ్వి, కాంక్రీటును నేరుగా గుంత గోడకే ఆనించి పోయాలి. పెద్ద గుంత తీసి, షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు పలకలు) పెట్టి, చుట్టూ వదులు మట్టి కప్పితే మొదటి గాలికే కదులుతుంది. గుంత పైన వెడల్పుగా, కింద సన్నగా అయితే సన్నబడిన మేర నిరోధం తగ్గుతుంది.

ఒంటి పైపు బోర్డయితే పైపు అడుగున ఒక కడ్డీ అడ్డంగా వెల్డ్ చేయండి. లేకపోతే గాలికి పైపు కాంక్రీటులోనే తిరిగి, బోర్డు పక్కకు ముఖం తిప్పుకుంటుంది.

ఇప్పుడు నేలమట్టం దగ్గరికి వంగి చూడండి. పైపు చుట్టూ కాంక్రీటు గిన్నెలా లోపలికి ఉందా? వాననీళ్లు అక్కడే నిలుస్తాయి, జింకు పూత తిని తుప్పు ఉంగరంలా చుట్టుకుంటుంది. మూమెంట్ ఎక్కువగా ఉండేదీ అక్కడే. కాంక్రీటును నేలకు 25 మిల్లీమీటర్లు పైకి లేపి, పైపు నుంచి బయటికి వాలుగా తాపీతో రుద్దండి. పైపు తలకు మూత పెట్టండి. ఊతకర్రలు కట్టి, బోర్డు ఎక్కించే ముందు 7 రోజులు ఆగండి. తర్వాత ఎవరైనా పునాది పక్కనే కేబుల్ కాలువ తవ్వుతామంటే, పని ఆపించి పై లెక్క మళ్లీ వేయండి. ఆ బోర్డును నిలబెడుతున్నది ఆ మట్టే.