నాబ్ పోయి స్క్రీన్ వచ్చింది: డ్రైవర్లు ఏమంటున్నారు?

చర్చలో: యాంకర్, డ్రైవింగ్ స్కూల్ శిక్షకుడు, కార్ల ఎలక్ట్రీషియన్ (మేస్త్రి), వాహన ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్

యాంకర్: నమస్కారం. షోరూంలో కొత్త కారు తలుపు తీస్తే డ్యాష్‌బోర్డు నున్నగా మెరిసిపోతోంది. మధ్యలో పెద్ద స్క్రీన్, దాని కింద నల్లటి గాజు పలక. ఏసీ తగ్గిద్దామని చెయ్యి చాపితే తిప్పడానికి నాబ్ లేదు. మాస్టారూ, మీ దగ్గర నేర్చుకునేవాళ్లు దీని గురించి ఏమంటున్నారు?

శిక్షకుడు: షోరూంలో అందరికీ నచ్చుతుందండీ. తంటా అంతా రోడ్డెక్కాకే. నాబ్ అయితే చూడకుండానే చేతికి తగులుతుంది, ఎంత తిప్పామో వేళ్లకే తెలిసిపోతుంది. గాజు ఎక్కడ ముట్టుకున్నా ఒకేలా ఉంటుంది కాబట్టి కన్ను అటు వెళ్లి తీరాల్సిందే. రెండు సెకన్లు చూశామనుకోండి, 60 స్పీడులో కారు 33 మీటర్లు పోతుంది. హైదరాబాద్ అవుటర్ మీద 120లో ఉంటే 67 మీటర్లు. ఆ దూరంలో మన రోడ్ల మీద ఏదైనా రావచ్చు. రాంగ్ రూట్‌లో బైకు, గేదె, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్...

ఇంజనీర్: మాస్టారు రెండు సెకన్లనడం సరిగ్గా సరిపోయింది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ అదే హద్దు. ఒక్కో చూపు రెండు సెకన్లకు మించకూడదు, ఒక పనికి పడే చూపులన్నీ కలిపి 12 సెకన్లు దాటకూడదు. కాకపోతే అది సలహా మాత్రమే, కంపెనీలు పాటించి తీరాలన్న చట్టం కాదు.

యాంకర్: పాటించకపోతే ఎంత తేడా వస్తుంది మేడం? కొలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంజనీర్: స్వీడన్‌లో వీ బిలాగరే అనే కార్ల పత్రిక 2022లో కొలిచింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు చిన్న పనులు చెయ్యాలి. సీటు వేడి పెంచడం, రేడియో స్టేషన్ మార్చడం, ట్రిప్ మీటర్ సున్నా చెయ్యడం, మీటర్ల వెలుతురు తగ్గించడం లాంటివి. బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో పది సెకన్లలో అయిపోయాయి, కారు 306 మీటర్లు నడిచింది. అన్నిటికన్నా వెనకబడిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో దాదాపు 45 సెకన్లు, 1,372 మీటర్లు. ముందుగా కారు అలవాటు చేసుకోనిచ్చాకే ఈ లెక్క.

శిక్షకుడు: కిలోమీటరుకు పైగా!

ఇంజనీర్: అయితే ఇందులో ఇంకో విషయం ఉంది. టచ్‌స్క్రీన్ ఉన్న వోల్వో సీ40 అదే పరీక్షలో 13.7 సెకన్లలో ముగించింది. అంటే స్క్రీన్ ఉండటమే నేరం అనలేం. ఏ పని ఎన్ని మెనూల లోపల పెట్టారన్నదే అసలు లెక్క.

మేస్త్రి: మేడం, మరి అంత తెలిసీ కంపెనీలు బటన్లు ఎందుకు తీసేస్తున్నాయి? డబ్బు మిగులుతుందనే కదా?

ఇంజనీర్: మిగులుతుంది. ఒక్క బటన్ పెట్టాలంటే దానికో అచ్చు, వెనక స్విచ్, రాత్రి వెలగడానికి చిన్న ఎల్‌ఈడీ, వైరు, కనెక్టరు, వేల సార్లు నొక్కి చేసే పరీక్ష. బేస్ వేరియంట్‌కి ఒక ప్యానెల్, టాప్ వేరియంట్‌కి ఇంకొకటి. స్క్రీన్ అయితే ఒక్కటే, సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు. పైగా స్క్రీన్ ఎలాగూ పెట్టాల్సిందే. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లకు వెనక కెమెరా తప్పనిసరి, ఆ బొమ్మ చూపించడానికి స్క్రీన్ కావాలి. ఉన్న స్క్రీన్ మీదకే మిగతావన్నీ ఎక్కించేశారు.

యాంకర్: ఈ టచ్‌స్క్రీన్ అసలు ఎప్పుడు మొదలైంది?

ఇంజనీర్: 1986లోనే బ్యూక్ రివియెరాలో వచ్చింది, పాత టీవీల్లో ఉండే పిక్చర్ ట్యూబ్‌తో. డ్రైవర్లు విసుక్కున్నారు, కొన్నేళ్లకే తీసేశారు. మళ్లీ 2012లో టెస్లా మోడల్ ఎస్ 17 అంగుళాల స్క్రీన్‌తో వచ్చాక మిగతావాళ్లూ అదే బాట పట్టారు.

యాంకర్: మన దగ్గర అమ్ముడవుతున్న కార్ల సంగతి చూద్దాం.

శిక్షకుడు: మూడు రకాలున్నాయండీ. మొదటిది, ఏసీకి మామూలు బటన్లు ఉంచినవి. 2024లో వచ్చిన స్విఫ్ట్, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ అలాంటివే. రెండోది, విడిగా టచ్ పలక పెట్టినవి. టైగన్, కుషాక్‌లలో పైవేరియంట్లు ఇంతే. 2023లో మారిన నెక్సాన్‌లో టచ్ పలకతో పాటు మీటగా కదిలే రెండు స్విచ్‌లు మిగిల్చారు, అది కొంత నయం. మూడోది, అంతా స్క్రీన్‌లోనే పెట్టినవి. విండ్సర్ ఈవీలో ఏసీకి, సైడ్ అద్దాలు సర్దుకోవడానికి కూడా 15.6 అంగుళాల స్క్రీన్‌లోకే వెళ్లాలి. అద్దాలు బండి కదలకముందు సర్దుకునేవే కదా, దాన్ని పెద్ద తప్పనను. నా అసలు అభ్యంతరం వానాకాలానిది.

యాంకర్: అద్దానికి ఆవిరి పట్టడం గురించా?

శిక్షకుడు: అదే. ఇది చాలామందికి సరిగ్గా తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఆవిరి రెండు రకాలు. వానలో నలుగురు తడిసి ఎక్కారు, తలుపులు మూశారు, అద్దానికి లోపలి వైపు పడుతుంది. అప్పుడు ఏసీ వెయ్యాలి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పాలి, బ్లోయర్ పెంచాలి, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ ఆపి బయటి గాలి రానివ్వాలి. నాలుగు పనులు. డీఫాగ్ బటన్ ఉంటే ఒక్క నొక్కుతో చాలా కార్లలో ఈ నాలుగూ జరిగిపోతాయి. స్క్రీన్‌లో అయితే ముందు మ్యాప్ నుంచి బయటికి రావాలి, క్లైమేట్ పేజీ తెరవాలి, గాలి దిశ ఎంచాలి, ఆ తర్వాత రీసర్క్యులేషన్ గుర్తు వెతకాలి. ముందు ఏమీ కనపడనప్పుడే ఇవన్నీ చెయ్యాలి చూశారా!

రెండో రకం బయట పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉక్కపోతగా ఉన్న రాత్రి ఏసీ 18లో పెట్టి గాలి అద్దానికి తగిలిస్తే గాజు చల్లబడి బయటివైపు తడి చేరుతుంది. దానికి లోపల ఎంత తుడిచినా పోదు. వైపర్ ఒకసారి తిప్పి, గాలిని అద్దం మీంచి తప్పించి, టెంపరేచర్ 25, 26కి పెంచాలి. మొదటిదానికి చేసిన పనికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఏ వైపు పట్టిందో తెలియాలంటే వేలితో లోపల ఒక గీత గీసి చూడండి. గీత పడితే లోపలిదే.

మేస్త్రి: గుర్తుల దగ్గర కూడా తికమక పడతారు. వంపు తిరిగిన అద్దం బొమ్మ మీద బాణాలుంటే ముందుది, పెట్టెలా ఉంటే వెనకది. కంగారులో వెనకది నొక్కి ముందు అద్దం ఇంకా వదల్లేదేమని చూస్తుంటారు.

ఇంజనీర్: తడి చేతుల సంగతి నేను కలుపుతాను. ఈ స్క్రీన్లు వేలి ఒత్తిడిని కొలవవు. గాజు కింద ఉండే విద్యుత్ క్షేత్రంలో వేలు తెచ్చే మార్పును కొలుస్తాయి. నీటి చుక్క కూడా అలాంటి మార్పే తెస్తుంది. అందుకే గొడుగు మూసి ఎక్కిన వెంటనే నొక్కితే ఒకటి నొక్కబోతే ఇంకొకటి పని చేస్తుంది.

యాంకర్: నోటితో చెబితే సరిపోదా? వాయిస్ కమాండ్ ఉంది కదా.

ఇంజనీర్: ఏసీ కాస్త మార్చడానికి బాగానే పనికొస్తుంది. టాప్ మీద వాన దబదబా పడుతుంటే, వెనక సీట్లో పిల్లలు అరుస్తుంటే మైక్ తడబడుతుంది. అత్యవసర పనికి దాని మీద ఆధారపడొద్దు.

యాంకర్: మేస్త్రిగారూ, స్క్రీన్ పాడైతే మీ దగ్గరికే వస్తారు. ఎక్కువగా ఏం వస్తుంటాయి?

మేస్త్రి: స్క్రీన్ దానంతట అదే నొక్కుకోవడం. రేడియో మారిపోతుంది, ఎవరికో ఫోన్ కలుస్తుంది. మన ఎండల్లో ఆరుబయట నిలబెట్టిన కారులో డ్యాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. ఆ వేడికి టచ్ గాజుకూ కింది డిస్‌ప్లేకూ మధ్య జిగురు వదులుతుంది, బుడగలు వస్తాయి. అయితే వెంటనే స్క్రీన్ మార్చేయకండి. ముందు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టిన చవక చార్జర్ తీసి చూడండి, దాని కరెంటు రొదకే టచ్ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. తర్వాత స్క్రీన్ గార్డు కింద గాలి బుడగ ఉంటే గార్డు పీకేయండి. ఆ తర్వాత రీస్టార్ట్, చాలా కార్లలో పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే అవుతుంది, ఎంతసేపన్నది మాన్యువల్లో ఉంటుంది. ఇవన్నీ చేశాక కూడా ఎప్పుడూ ఒకే పట్టీలో తప్పు టచ్ వస్తుంటే అప్పుడది గాజుదే. వారంటీ ఉంటే మా దగ్గరికి రాకండి, విప్పితే వారంటీ పోతుంది.

యాంకర్: (నవ్వుతూ) మీ బేరం మీరే పోగొట్టుకుంటున్నారు.

మేస్త్రి: తుడవడం గురించి కూడా చెప్పాలి. శానిటైజరు, అమ్మోనియా ఉన్న అద్దాల స్ప్రే వాడితే పైపూత పోతుంది. నేరుగా కొడితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. ఇంజిన్ ఆపి, కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు.

ఇంజనీర్: లోపలి మెమరీ కూడా అరిగిపోతుంది. పాత టెస్లా ఎస్, ఎక్స్ కార్లలో 8 జీబీ మెమరీ చిప్‌లోకి కంప్యూటర్ తన రికార్డులు ఆపకుండా రాస్తూ పోయింది. అలాంటి చిప్ మీద రాతలకు ఒక పరిమితి ఉంటుంది. అది నిండాక స్క్రీన్ నల్లబడింది, దాంతో పాటే వెనక కెమెరా, అద్దం ఆవిరి తీసే సెట్టింగులూ పోయాయి. 2021లో దాదాపు 1.35 లక్షల కార్లు వెనక్కి పిలిచారు.

మేస్త్రి: నేననేదీ అదే మేడం. బటన్ పోతే ఆ ఒక్కటే పోతుంది. స్విచ్ కాంటాక్టు శుభ్రం చేస్తే మళ్లీ పని చేస్తుంది.

యాంకర్: కంపెనీలు వెనక్కి తగ్గుతున్నాయా?

ఇంజనీర్: తగ్గుతున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ ఎనిమిదో తరం గోల్ఫ్‌లో వాల్యూమ్, టెంపరేచర్ మార్చే టచ్ పట్టీలకు రాత్రి లైటు కూడా ఉండేది కాదు. 2024లో లైటు పెట్టారు, స్టీరింగ్ మీద నొక్కే బటన్లు తిరిగి తెచ్చారు. కార్ల భద్రతకు రేటింగులిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటరు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్ బటన్, ఈ అయిదింటికీ చేతికి తగిలే మీటలు ఉన్నాయా లేదా చూస్తోంది. 2023లో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ దృష్టి ప్రధానంగా ఢీకొన్నప్పుడు లోపలివాళ్ల రక్షణ మీదే ఉంది.

శిక్షకుడు: ఇండికేటర్ కాడ తీసేయడమైతే మరీ విడ్డూరం. టెస్లా మోడల్ 3లో 2023లో అదే చేసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టారు. సర్కిల్‌లో స్టీరింగ్ సగం తిప్పాక ఎడమ బటన్ ఎక్కడికో వెళ్లిపోతుంది కదా! 2025 మోడల్ వైలో మాత్రం కాడ ఉంచారు.

యాంకర్: ఇక బయటి రూపం. ముందు సన్నని లైటు పట్టీ, కింద బంపర్లో హెడ్‌లైటు. అందంగానే ఉంది.

మేస్త్రి: అందం బానే ఉంది, తగిలే చోటు కూడా అదే. ట్రాఫిక్‌లో బైకు హ్యాండిల్ ఆనితే మొదట పగిలేది కిందకు దించిన ఆ లైటే. పాత హాలోజన్ బల్బు వందల రూపాయల్లో మారేది. ఎల్‌ఈడీ అంతా సీలు చేసిన ఒకే ముక్క, బిగించే చెవి విరిగినా చాలాసార్లు మొత్తం కొనాల్సి వస్తుంది. కారు బుక్ చేసే ముందు సర్వీస్ కౌంటర్లో ముందు లైటు, వెనక పట్టీ, టచ్‌స్క్రీన్, ఈ మూడింటి పార్టు ధర అడగండి. ఆ ధర విన్నాక పార్టుల అరుగుదల కోసుకోకుండా డబ్బిచ్చే జీరో డిప్రిసియేషన్ ఇన్సూరెన్స్ కావాలో వద్దో మీకే తెలుస్తుంది.

శిక్షకుడు: వెనక కిటికీలు సన్నబడ్డాయి, స్తంభాలు లావయ్యాయి. వెనక్కి తియ్యాలంటే కెమెరానే దిక్కు. వానలో దాని మీద బురద పడితే అదీ లేదు. రివర్స్ వేసేముందు దిగి లెన్స్ తుడవాల్సిందే.

ఇంజనీర్: తలుపులోకి దాగిపోయే హ్యాండిళ్లు కూడా చూసుకోవాలి. మన దగ్గర ఎక్స్‌యూవీ700, కర్వ్‌లలో ఆ తరహావి ఉన్నాయి. కరెంటుతో పనిచేసే రకమైతే బ్యాటరీ పోయినప్పుడు బయటనుంచి ఎలా తెరవాలో, లోపల చేత్తో లాగే మీట ఎక్కడుందో డెలివరీ రోజే అడిగి ఇంట్లో అందరికీ చూపించండి.

యాంకర్: విజయవాడ నుంచి ట్యాక్సీ నడిపే ఒక డ్రైవర్ లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే మేడం. కొత్త బండి తీసుకుందామనుకుంటున్నా. టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి? ఇంకోటి, బేస్ మోడల్ కొని బయట ఆండ్రాయిడ్ స్క్రీన్ వేయించుకుంటే ఏమన్నా ఇబ్బందా?

శిక్షకుడు: మొదటిది నేను చెబుతా తమ్ముడూ. మిట్టమధ్యాహ్నం వెళ్లు, ఎండ పడితే స్క్రీన్ కనిపిస్తుందో లేదో తేలుతుంది. బండి ఆపి ఉండగా అయిదు పనులు చెయ్యి: టెంపరేచర్, బ్లోయర్, ముందు డీఫాగ్, వాల్యూమ్, హజార్డ్. తర్వాత ఖాళీ రోడ్డు మీద పక్కన కూర్చున్నవాళ్లని నీ కళ్లు గమనించమని చెప్పి అవే చెయ్యి. మ్యాప్ నడుస్తుండగా చెయ్యి, అదే ముఖ్యం. చూపు రెండు సెకన్లు దాటినవి ఏవో పక్కనవాళ్లు చెబుతారు. డీఫాగ్ దగ్గర దాటితే ఆ వేరియంట్ వదిలెయ్.

మేస్త్రి: రెండోది నేను. వైర్లు కొయ్యనివ్వకు బ్రదర్, నీ బండికి సరిపోయే కప్లర్, అంటే వైర్లను కలిపే ప్లగ్గు, అడుగు. మామూలు స్టీరియో కప్లర్లో పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. పసుపూ ఎరుపూ రెండూ తాళం మీదే కలిపితే ఆపిన ప్రతిసారీ సెట్టింగులు పోతాయి. రెండూ నేరుగా బ్యాటరీకి కలిపితే రాత్రంతా స్క్రీన్ కరెంటు తాగి పొద్దున బండి స్టార్ట్ కాదు. స్టీరింగ్ బటన్లు పనిచెయ్యాలంటే కారు సిగ్నళ్లను స్క్రీన్‌కి అందించే క్యాన్‌బస్ డబ్బా కావాలి, అది బిల్లులో రాయించుకో. బిగించాక రివర్స్ వేసి కెమెరా ఎంతసేపటికి వస్తుందో అక్కడే చూడు. బండి స్టార్ట్ చేసిన వెంటనే కూడా ఒకసారి వేసి చూడు, చవక స్క్రీన్ అప్పటికింకా లోగో చూపిస్తూనే ఉంటుంది.

కాలర్: ఏసీ బటన్లు అలాగే ఉంటాయా?

మేస్త్రి: నీ బండి ప్యానెల్లో ఏసీ నాబ్‌లు స్టీరియోకి కింద విడిగా ఉంటే ఉంటాయి. వాటిని తీసేసి పైనుంచి కిందిదాకా నిలువు స్క్రీన్ పెడతామంటారు కొందరు, ఒప్పుకోకు.