బర్క్‌లీలో పల్లె వైద్యుడి ఇల్లు

వ్యాఖ్యాత: నమస్కారం. చాలా కాలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన డాక్టరు గారు ఈ రోజు మనతో ఉన్నారు. మశూచి టీకాతో పేరు తెచ్చుకున్న వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ ఇంటి గురించి మాట్లాడదామని అడగగానే ఒప్పుకున్నారు. డాక్టరు గారూ, ఆ ఇల్లు ఎక్కడుంది?

డాక్టరు: ఇంగ్లండులో, గ్లాస్టర్‌షైర్‌లోని బర్క్‌లీ అనే చిన్న ఊళ్లో ఉందమ్మా. సెవర్న్ నదికి దగ్గర. ఒక పక్క చర్చి, దగ్గరలోనే కోట. ఇంటి పేరు చాంట్రీ. జెన్నర్ 1785లో కొన్నాడు. 1823 జనవరిలో అక్కడే కన్నుమూశాడు. పుట్టింది కూడా ఆ ఊళ్లోనే, 1749లో. తండ్రి ఆ ఊరి చర్చి మతగురువు.

వ్యాఖ్యాత: లండన్‌లో చదువుకున్న మనిషి పల్లెకు తిరిగి రావడం ఆ రోజుల్లో మామూలేనా?

డాక్టరు: ఆయనకు లండన్‌లో ఉండే అవకాశం లేకపోలేదు. జాన్ హంటర్ అంతటి శస్త్రవైద్యుడి ఇంట్లో ఉండి నేర్చుకున్నాడు. అయినా 1773లో బర్క్‌లీకి వచ్చేశాడు. గురువుగారు మాత్రం ఉత్తరాలు ఆపలేదు. ముళ్లపందుల మీద పరిశీలనలు చేసి పంపమని అడిగేవాడు. ఊహించి కూర్చోవడం దేనికి, చేసి చూడవచ్చు కదా అని ఒక ఉత్తరంలో రాశాడు. జెన్నర్ ఆ మాటను జీవితమంతా పాటించాడు. కోకిల జాతి పిల్ల గూట్లో ఉన్న మిగతా గుడ్లనూ పిల్లలనూ ఎలా తోసేస్తుందో చూసి వ్యాసం రాశాడు. ఆ పనికే లండన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీలో సభ్యత్వం వచ్చింది, టీకాకు కాదు!

వ్యాఖ్యాత: టీకా కథలో పాలు పితికే అమ్మాయి గురించి అందరం చదువుకున్నాం.

డాక్టరు: చదువుకున్నాం కానీ, ఆ కథలో ఊరివాళ్లకు రావలసినంత పేరు రాలేదని నా బాధ. ఆవు పొదుగు మీది పొక్కులు చేతికి అంటుకున్నవాళ్లకు మశూచి రాదని అక్కడి పాడిపని చేసేవాళ్లకు ముందే తెలుసు. డార్సెట్‌లో బెంజమిన్ జెస్టీ అనే రైతు 1774లోనే తన భార్యాబిడ్డలకు ఆ పొక్కుల రసి ఎక్కించాడు. జెన్నర్ గొప్పతనం వేరే చోట ఉంది. ఆ మాటను కొట్టిపారేయలేదు, పట్టుకుని పరీక్షించాడు, రాసిపెట్టాడు. 1796 మే 14న ఆ పాలు పితికే అమ్మాయి సారా నెల్మ్స్ చేతి మీది పొక్కు నుంచి రసి తీసి జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేళ్ల కుర్రాడికి వేశాడు. జులైలో అసలు మశూచి రసి ఎక్కించి చూశాడు. కుర్రాడికి ఏమీ కాలేదు.

వ్యాఖ్యాత: పసివాడి మీద అలా ప్రయోగం చేయడం నాకు మింగుడుపడదు, డాక్టరు గారూ.

డాక్టరు: పడకూడదమ్మా. ఈ రోజు ఏ నైతిక కమిటీ ముందుకు తీసుకెళ్లినా అడుగు ముందుకు పడదు. అయితే మశూచి రసినే నేరుగా ఎక్కించడం అప్పట్లో వాడుకలో ఉన్న పద్ధతి. తేలిగ్గా వచ్చి తగ్గిపోతుందని ఆశ. కొందరు చనిపోయేవారు కూడా. జెన్నర్‌కు కూడా చిన్నతనంలో, దాదాపు ఆ కుర్రాడి వయసులోనే, అది చేశారు. ముందు వారాల తరబడి పస్తులు పెట్టారు, రక్తం తీశారు, తర్వాత మిగతా పిల్లలతో కలిపి ఒక పశువుల కొట్టంలో ఉంచారు. ఆ యాతన ఆయన మరిచిపోలేదు. ఇంతకంటే మేలైన దారి వెతకడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

వ్యాఖ్యాత: ఆ ఇంట్లో మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది?

డాక్టరు: ఇంటికంటే తోట! అందులో ఒక చిన్న పాక ఉంది. బీదవాళ్లకు జెన్నర్ అక్కడ డబ్బు తీసుకోకుండా టీకాలు వేసేవాడు. పేరు మాత్రం పెద్దది, టీకా దేవాలయమని పిలిచేవాడు. నా లెక్కలో ప్రజారోగ్య కేంద్రమంటే అదే. మా ఆరోగ్య కేంద్రం వరండాలో తల్లులు బిడ్డలతో బారులు తీరడం చూసినవాణ్ని కాబట్టి, ఆ పాక నాకు పరాయిదిగా అనిపించదు. ఈ పనిలో పడి జెన్నర్ సొంత వైద్యం దెబ్బతింది. పార్లమెంటు 1802లో పదివేల పౌండ్లు, 1807లో మరో ఇరవై వేలు ఇచ్చింది. ఫిప్స్‌కు పెద్దయ్యాక ఊళ్లోనే అద్దె లేకుండా ఒక ఇల్లు ఇచ్చాడు. జెన్నర్ అంత్యక్రియలకు ఫిప్స్ వచ్చాడు.

వ్యాఖ్యాత: మన దగ్గరికి ఆ టీకా ఎప్పుడు చేరింది?

డాక్టరు: చాలా త్వరగా. జెన్నర్ పుస్తకం 1798లో వచ్చింది. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పాప అన్నా డస్ట్‌హాల్‌కు టీకా పడింది. మంచు పెట్టెలు లేని కాలం. ఒకరి చేతి పొక్కు నుంచి మరొకరి చేతికి వేసుకుంటూ బాగ్దాద్, బస్రాల మీదుగా తెచ్చారు. బొంబాయి నుంచి హైదరాబాదుకూ మద్రాసుకూ పంపారు. అమ్మవారు పోసిందంటే ఇంటిల్లిపాదీ వణికిన నేల మనది. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పూర్తిగా పోయిందని ప్రకటించింది.

వ్యాఖ్యాత: ఆ ఇల్లు ఇన్నాళ్లు ఎలా నిలిచింది?

డాక్టరు: జెన్నర్ తర్వాత చాలా ఏళ్లు చర్చి మతగురువుల నివాసంగా ఉంది. జపాన్‌కు చెందిన రియోయిచి ససకావా ఇచ్చిన విరాళంతో కొని, 1985లో మ్యూజియంగా తెరిచారు. ఇప్పుడు ఒక ట్రస్టు నడుపుతోంది.

వ్యాఖ్యాత: మన పల్లె వైద్యుల ఇళ్లు కూడా అలా మిగిలితే బాగుండును.

డాక్టరు: ఇళ్లు కాపాడటం ఖర్చుతో కూడిన పని. కాగితాలు కాపాడటానికి అంత ఖర్చు అక్కరలేదు కదా? జెన్నర్ పుస్తకంలో ఉన్నవి ఇరవై మూడు కేసులు, అంతే. ఒకే ఊళ్లో ఉండి, మనుషులను గుర్తుపెట్టుకుని, రాసుకున్నవి. వింటున్నవారిలో ఎవరి తాతగారో నాయనమ్మో పల్లెలో వైద్యం చేసి ఉంటే, అటక మీది పాత రిజిస్టర్లను చిత్తుకాగితాలవాడికి వేయకండి. రోగుల పేర్లు బయటపెట్టకుండా, దగ్గరలోని వైద్య కళాశాల గ్రంథాలయంలో అడిగి చూడండి. ఏ ఏడు ఏ జ్వరం వచ్చిందో, ఏ మందు పనిచేసిందో వాటిలో ఉంటుంది.