ఇంట్లో బీపీ: అంకెను నమ్మే ముందు

అందరికీ నమస్కారం. మిషన్ ఎక్కువ చూపించినప్పుడు వెంటనే మాత్ర మీద అనుమానపడకండి. ముందు చేతికి చుట్టే పట్టీని (కఫ్), చెయ్యి పెట్టిన చోటును చూడండి.

జబ్బ మధ్యలో టేపుతో చుట్టుకొలత తీయండి. పట్టీ మీద 22–32 సెంటీమీటర్లని రాసి ఉండి, మీ కొలత 35 వస్తే అది మీకు పనికిరాదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఒత్తిడి రక్తనాళం దాకా సరిగా అందదు, మిషన్ ఇంకా గాలి నింపుతుంది, లేని బీపీ ఉన్నట్టు కనిపిస్తుంది. మణికట్టు మిషన్ల జోలికి పోకపోవడమే మంచిది.

ఇక ఎత్తు. పట్టీ గుండెకు సమానంగా ఉండాలి. చెయ్యి ఒళ్లో పెట్టుకుని పట్టీ 10 సెంటీమీటర్లు కిందికి దిగిందంటే, పై అంకె దాదాపు 8 పెరుగుతుంది. అసలు 128 ఉన్నవారికి 136 వస్తుంది. ఇంట్లో హద్దు 135/85 కాబట్టి, చెయ్యి ఆనించడానికి ఒక్క బల్ల లేకపోవడం వల్ల మనిషి రోగుల లెక్కలోకి వెళ్లిపోతాడు! ఆసుపత్రిలో హద్దు 140/90. రెండూ ఒకటి కావు.

చూసుకునే ముందు అరగంట కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, కాళ్లు మెలివేయకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ మాట్లాడుతూ కాదు. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటికే చుట్టాలి, దాని కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి.

డాక్టరును కలవడానికి ముందు వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి చూడండి. పొద్దున మాత్రకు ముందే చూడాలి. నిన్నటి మాత్ర ఇప్పటిదాకా పనిచేస్తోందా లేదా అప్పుడే తెలుస్తుంది. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తారు. నచ్చే అంకె వచ్చేదాకా నొక్కి అదొక్కటే రాసుకొచ్చేవాళ్లున్నారు. ఆ పుస్తకం కన్నా ఖాళీ పుస్తకం నయం.

180/110 దాటితే కాసేపు కూర్చుని మళ్లీ చూడండి. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు ఉంటే మాత్రం మళ్లీ చూడటాలు వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నాడి లయ తప్పేవారికి ఈ మిషన్లు ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తాయి. అలాంటివారు ఆసుపత్రికి వచ్చేటప్పుడు మిషన్ కూడా వెంట తెస్తే, అక్కడ మేం తీసే కొలతతో పక్కపక్కన పోల్చి చూస్తాం.